నాలుగు మూలల కుచ్చులు

పోయిన వారం అఖిలను కోరుట్లలో ఒక మూతపడిన అచ్చాఫీసు మెట్ల మీద వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. ఆమె ఒళ్ళో ముప్ఫై నాలుగేళ్ళ నాటి ప్రూఫు కాగితాలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కథను కాస్త వెనక్కి తిప్పుతాను. వారం వారం చదివేవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

జగిత్యాల నుంచి నలభై ఏళ్ళుగా ఒక పత్రిక వస్తోంది. పేరు ‘ఈస్టర్న్ హెబ్రాయిక్’. ఏడాదికి రెండు సంచికలు. మొత్తం ఇంగ్లీషే. యూదుల చరిత్ర, వాళ్ళ ఆచారాలు, హీబ్రూ గ్రంథాలు, ఇవీ అందులోని సంగతులు. జగిత్యాలలో దాన్ని చదివేవాళ్ళు ఎందరని మాత్రం అడక్కండి. అది పుట్టేది ఇక్కడ, బతికేది బయటి దేశాల గ్రంథాలయాల్లో. దాన్ని పెట్టినవాడూ నడిపేవాడూ రిటైర్డు ప్రొఫెసర్ చంద్రమౌళి. నలభయ్యో ఏటి ప్రత్యేక సంచిక కోసం పత్రిక చరిత్రను రాసే పని సహాయ సంపాదకురాలు అఖిలకు అప్పజెప్పాడు.

ఆ చరిత్రకంతా వెన్నెముక 1991లో వచ్చిన ఒక వ్యాసం. మేడిపల్లిలో చర్చికి పోయే కొన్ని కూలి కుటుంబాలు రెండు వేల ఏళ్ళ కిందట తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రమని అందులో రాసింది చంద్రమౌళే. సాక్ష్యంగా ఒక ఫోటో వేశాడు. నాలుగు మూలలా నీలి కుచ్చులు వేలాడే బట్ట కప్పుకుని, ఎండకు కళ్ళు చికిలించి నిలబడ్డ మనిషి. యూదులు ప్రార్థనకు కప్పుకునే బట్టకు అలాగే నాలుగు మూలలా కుచ్చులుంటాయి. ఫోటోలోని మనిషి పేరు అంజయ్య. అఖిలకు తాత. ఆ సంగతి సారుకు తెలియదని అఖిల అనుకుంటోంది.

వ్యాసం వచ్చాక మేడిపల్లిలోకి కార్లొచ్చాయి, కెమెరాలొచ్చాయి. వాటి వెనకే మాటా వచ్చింది. అంజయ్య యూదుడయ్యాడని, యేసును కాదన్నాడని. 1996లో ఆయన పోతే చర్చి పెద్దలు సమాధుల తోటలో ఆరడుగుల జాగా ఇవ్వలేదు. రిజిస్టరులోంచి పేరు కొట్టేశారు. కాలువ గట్టు కింద తుమ్మచెట్ల నడుమ పాతిపెట్టారు. ఇప్పుడు ఆయన భార్య సమ్మక్కకు ఎనభై ఒకటి. కాళ్ళకు నీరు పట్టింది, ఊపిరి అందడం లేదు. ఆమెకు ఒక్కటే కోరిక. పెనిమిటి పేరు మళ్ళీ చర్చి పుస్తకంలో ఎక్కాలి, ఆయన ఎముకలు తోటలోకి రావాలి, ఆ పక్కన తనను పెట్టాలి. పెద్దలు చాలా పెద్దమనసు చేసుకుని ఒక మాట చెప్పారు. ‘ఏ పుస్తకంల అచ్చయిందో గదే పుస్తకం తప్పని చెప్పాలె. అప్పుడు చూద్దాం.’

అందుకే అఖిల కోరుట్ల పోయింది. పత్రిక మొదటి ఇరవై ఏళ్ళు అచ్చయింది అక్కడే. పాత కట్టల్లో ఆ వ్యాసం ప్రూఫు దొరికింది. ‘మేము ఇశ్రాయేలు బిడ్డలమే సారూ’ అని అంజయ్య అన్న మాట అందులో ఉంది, పత్రికలోనూ ఉంది. కానీ ప్రూఫులో దాని కింద ఇంకో వాక్యం ఉంది. ‘పాస్టరు ప్రతి ఆదివారం మమ్మల్ని గట్లనే పిలుస్తడు.’ ఆ వాక్యాన్ని ఎవరో నీలి పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు. ఆ కాగితం వెనకాల చంద్రమౌళి చేతిరాత, ‘బట్ట: సిరిసిల్ల, యాదగిరి.’

అదీ సంగతి. ఇక శనివారం పొద్దున సిరిసిల్లకు పోదాం.

యాదగిరి ఇల్లు కనుక్కోవడానికి అఖిలకు అరగంట పట్టింది. గల్లీ అంతా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడే. మనిషి పక్కనే నిలబడి పిలిచినా వినిపించదు. యాదగిరి గడప మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. చూపు ఆనడం లేదు గానీ వేళ్ళు మాత్రం ఊరుకోవు, ఏదో ఒకటి మెలిపెడుతూనే ఉంటాయి. అఖిల పత్రికలోని ఫోటోను ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“అరె, గీయిన మా అంజయ్య కాదు?”

“ఎట్ల ఎరుక తాతా మీకు?”

“ఎట్ల ఎరుకేంది బిడ్డా! గింజలేయని రోజులల్ల హమాలీకి వస్తుండె. మా సేటు కార్ఖానల బట్ట మూటలు మోస్తుండె. నాకు పక్కకే పండుతుండె. నువ్వెవరి బిడ్డవు?”

“ఆయన మనుమరాలిని.”

యాదగిరి బీడీ ఆర్పేశాడు. లోపలికి చూసి, “మల్లవ్వా, గిటు రా. అంజన్న మనుమరాలొచ్చింది,” అని కేకేశాడు. మల్లవ్వ వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. వచ్చీ రాగానే అఖిల గదవ పట్టుకుని, తాత పోలికేనని నిర్ధారించేసింది. తినకుండా పోతే ఊరుకునేది లేదని కూడా.

అఖిల ఫోటోలోని బట్ట చూపించింది. ఈ బట్ట ఎక్కడిదని అడిగింది.

“ఎక్కడిదేంది, మా సాంచా మీదిదే,” అన్నాడు యాదగిరి. “గది అతుకు గుడ్డ.”

ఆయన చెప్పింది ఇది. సాంచా మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగును అతకాలి. వేల పోగులు. ఒక్కొక్కదాన్ని వేళ్ళతో మెలిపెట్టి ముడి వేసుకుంటూ పోవాలి. సిరిసిల్లలో ఆ పనిని వైపని అంటారు. యాదగిరి బతుకంతా చేసింది అదే. ఆ ముడులు పడ్డ జానెడో గజమో బట్ట అంగట్లో అమ్ముడుపోదు. కోసి అవతల పడేస్తారు. హమాలీలు తుండుగుడ్డకని ఎత్తుకుపోతారు. దానికి ఒక పక్కన దారాలు వేలాడుతుంటాయి. అంజయ్య ఏళ్ళ తరబడి భుజాన వేసుకు తిరిగింది అలాంటి గుడ్డనే. చెమట తుడుచుకోవడానికి, అన్నం మూట కట్టుకోవడానికి, ఎండకు నెత్తిన వేసుకోవడానికి.

“గని,” అన్నాడు యాదగిరి, ఫోటోను మళ్ళీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, “అతుకు గుడ్డకు దారాలు ఒక్క దిక్కే ఉంటయి బిడ్డా. నాలుగు మూలలకు కుచ్చులు మా సాంచా మీద రావు. గివి ఎవలో కట్టినయి.”

“ఎవలో ఏంది? నేనే కడితి,” అంది మల్లవ్వ.

అఖిలకు ఒక క్షణం సాంచాల చప్పుడు కూడా వినిపించలేదు.

“గా సారు రెండు మాట్ల వచ్చిండు బిడ్డా,” మల్లవ్వ అక్కడే పీట వేసుకుని కూర్చుంది. ఆమెకు ఇది ఎప్పుడో జరిగిన మంచి ముచ్చట. “మొదటిమాటు వచ్చినప్పుడు గుడ్డ ఎక్కడిదని ఈయిన్ని అడిగిండు. ఈయినె అంత ఇడమర్చి చెప్పిండు. సారు మొఖం గింత చేసుకొని పోయిండు. వారం దినాలకు ఈయిన లేనప్పుడు మళ్ళ వచ్చిండు. సంచిల అదే గుడ్డ. ఒక బొమ్మల బుక్కు. బుక్కుల ఎవలో తెల్లటాయిన, గడ్డం. గాయిన కప్పుకున్న బట్టకు మూలలకు కుచ్చులు. ‘మల్లవ్వా, గిట్ల కట్టస్తదా, పిల్లలకు చదువు చెప్పెతందుకు ఫోటో తియ్యాలె’ అన్నడు. నీలి దారం సుత ఆయినే తెచ్చిండు. కొంగులకు కుచ్చులు కట్టిన చెయ్యి నాది, నాకు రాకపాయెనా! కూసోని గంటల కట్టిచ్చిన.”

“బొమ్మల ఉన్నట్టే కట్టిన్రా అవ్వా?”

“ఏడ! గా ముడి నాకు తెల్వదు. నాకచ్చిన ముడే ఏసిన. గీయిన తోటి వైపనికి కూసున్న కాడ నేర్చుకున్న ముడి, ఒక మెలిక ఎక్కువ. జారద్దని. సారు ‘మంచిగున్నది, మంచిగున్నది’ అన్నడు.” మల్లవ్వ ముఖం వెలిగిపోయింది. “పేపర్ల పడ్డదంటిరి కద. దేశాలు తిరిగిందా బిడ్డా నా కుచ్చు? బాగున్నదన్నరా ఆళ్ళు?”

ఏం చెప్పాలి ఆ తల్లికి! దేశాలు తిరిగింది. తిరగడమేమిటి, ఊరేగింది. పద్నాలుగో సంచికలో ఎవరో విదేశీ పండితుడు ఆ ఒక్క ముడి మీద ముప్ఫై ఎనిమిది పేజీలు రాశాడు. లోకంలో మరెక్కడా లేని ముడి అనీ, యూదుల ఆలయం కూలకముందు పూజారులు వేసిన ముడి ఇదే అయి ఉంటుందనీ, నిరక్షరాస్యుల వేళ్ళు రెండు వేల ఏళ్ళు దాన్ని మరచిపోకుండా మోసుకొచ్చాయనీ. పదిహేనో సంచికలో ఇంకొకాయన కాదన్నాడు. ముడి నిజమేనట, కాలమే వేరట. ఇరవై ఆరులో మూడో ఆయన వచ్చి ఇద్దరికీ తీర్పు చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఇంతమంది పెద్దలు ఆరేళ్ళు కొట్టుకున్నారు. ఆరేళ్ళలో ఒక్కడికీ సిరిసిల్ల బస్సెక్కాలని తోచలేదు.

వాళ్ళనని ఏం లాభం? ఆ ఆరేళ్ళను పత్రికకు స్వర్ణయుగమని తన చరిత్రలో రాసింది అఖిలే. నెల కిందట, ఫ్యాను కింద కూర్చుని, ఎంతో బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకుని మరీ మురిసింది. ఆ వాక్యం ఇప్పుడు నోట్లో పుల్లగా తేలింది.

“అవ్వా, గా ముడి మళ్ళొక్కసారి కట్టి చూపెడ్తవా?” అని అడిగింది.

మల్లవ్వ వేళ్ళు కీళ్ళ దగ్గర వంకర్లు పోయి ఉన్నాయి. దారం చేతికి ఇవ్వగానే అవి తిన్నగా అయ్యాయి. చుట్టు, మెలిక, ఇంకో మెలిక, లాగు. పట్టుమని పది సెకన్లు. అఖిల ఫోన్లో వీడియో తీసింది. ఫోటోలో ఉన్న ముడికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు.

యాదగిరికి అఖిల అంతా చెప్పింది. తోటలో జాగా దొరకకపోవడం, కాలువ గట్టు, అంతా.

“అంజన్నను గట్ల పాతిపెట్టిన్రా? మా గుడ్డ పాడుగాను,” అన్నాడు ముసలాయన. “మమ్మల్ని మళ్ళెవ్వలు అడగలె బిడ్డా. సార్లకు అన్ని తెలుస్తయనుకుంటిమి. తూ! చెమట తుడుసుకునే గుడ్డను పట్కపోయి మనిషి నోట్ల మన్ను కొట్టిండు.”

మల్లవ్వ మాత్రం తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. ఇందాకటి వెలుగు ఆమె ముఖంలో లేదు.

జగిత్యాల చేరేసరికి నాలుగు దాటింది. నాలుగున్నరకు మేడిపల్లి చర్చిలో పెద్దల కూటం. సమ్మక్కను కుర్చీలో కూర్చోబెట్టి తమ్ముడు అరుణ్ తీసుకుపోతాడు. పెద్దలకు చూపడానికి వీడియో ఉంది, ప్రూఫు ఉంది. ఇక కావలసింది పత్రికలో నాలుగు వాక్యాలు. సంచిక సోమవారం అచ్చుకు పోతుంది. అంటే ఇంకా రెండు రోజులున్నాయి. బస్సులో అఖిల ఆ నాలుగు వాక్యాలూ రాసిపెట్టుకుంది.

పత్రిక ఆఫీసంటే చంద్రమౌళి ఇంటి మీది గదే. గోడలంతా నలభై ఏళ్ళ సంచికలు, నీలి అట్టలు. ఆయన పడక కుర్చీలో కూర్చుని కాల్చిన మక్క కంకి తింటున్నాడు. ఒళ్ళో ఎవరిదో వ్యాసం పరుచుకున్నాడు, పొట్టు రాలడానికి. నిమ్మకాయ రసం, ఉప్పు కారం చుబుకం మీదికి కారుతున్నాయి.

“రా అమ్మా అఖిలా, కూర్చో. సిరిసిల్ల నుంచేనా?” అన్నాడు. అఖిల ఆశ్చర్యం చూసి నవ్వాడు. “కోరుట్ల ప్రెస్సాయన ఫోన్ చేసిండు మొన్ననే. ప్రూఫు వెనక నేను రాసుకున్నది నేను మర్చిపోతనా?”

అఖిల కూర్చోలేదు. ఫోన్ తీసి వీడియో పెట్టింది. చంద్రమౌళి కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చూశాడు. మల్లవ్వ వేళ్ళు చుట్టాయి, మెలిపెట్టాయి, లాగాయి.

“అరెరే, మల్లవ్వ ఇంకా బతికే ఉన్నదా! ముసలిదయ్యింది పాపం. చెయ్యి మాత్రం అదే చెయ్యి.” పళ్ళ సందులో ఇరుక్కున్న గింజను నాలుకతో తోడుతూ అన్నాడు. “అప్పుడు ఎంత తొందరగా కట్టిందనుకున్నవ్!”

తేలు కుట్టిన దొంగలా గతుక్కుమంటాడని అఖిల అనుకుంది. దొంగకైనా తేలంటే భయముంటుంది. ఈ మనిషికి అదీ లేదు.

“అంటే ఒప్పుకుంటున్నరా సార్?”

“ఒప్పుకోవడానికి నువ్వేమన్న కోర్టా? మన ఇంటి ముచ్చట. కూర్చో, చెప్త. నువ్వు పత్రిక చరిత్ర రాస్తున్నవు కద, అసలు చరిత్ర తెలుసుకో.” కంకిని ఇంకో పక్కకు తిప్పాడు. “తొంభైలో పత్రిక పని అయిపోయిందమ్మా. రెండొందలు అచ్చేస్తే నూట ముప్ఫై నా మంచం కింద. జగిత్యాలల కూర్చున్నోడు యూదుల గురించి రాస్తే ఎవడు చదువుతడు? వాళ్ళ దగ్గర గ్రంథాలున్నయి, తవ్వకాలున్నయి. మన దగ్గర ఏమున్నది? అప్పుడు మేడిపల్లిల మీ... ఆ కూలి మనిషి భుజం మీద గుడ్డ చూసిన. దారాలు వేలాడుతున్నయి. పైనుంచి ఇశ్రాయేలు బిడ్డలం అంటున్నడు. వారం రోజులు నిద్ర పట్టలేదు తెలుసా? నిజమే అనుకున్న. సిరిసిల్ల పోయినంక తెలిసింది కాదని. మరి ఆ వారం నాకు వచ్చిన సంతోషం ఏం కావాలె?”

“అందుకని కుచ్చులు కట్టించిన్రా?”

“లోకం చూడాలనుకున్నది చూపెట్టిన. తప్పేంది?”

“వ్యాసాన్ని ఇద్దరు పండితులు పేరు తెలియకుండ పరిశీలించి ఒప్పుకున్నరని కింద రాసి ఉన్నది. నేను చరిత్రల సుత అదే రాసిన.”

“ఒకరు నేనే.”

“రెండో ఆయన?”

“ఆయన అప్పటికి ఏడాది కిందనే పోయిండు. మంచి మనిషి. పోయినంక కూడ పదేళ్ళు నాకు పరిశీలన చేసి పెట్టిండు. ఒక్కసారి అడ్డం చెప్పలే,” అని చంద్రమౌళి తన హాస్యానికి తానే మురిసిపోయి పొట్ట కదిలేలా నవ్వాడు. తడిసిన గింజ ముక్క ఒకటి ఎగిరొచ్చి అఖిల చున్నీ మీద పడింది.

అఖిల దాన్ని వేలితో తీసి కింద పడేసింది. ఆ వేలిని గోడకు రుద్దుకుంది. ఎంత రుద్దినా పోయినట్టు అనిపించలేదు. రెండేళ్ళుగా ఈ గదిలో కూర్చుంది. ఈ మనిషి పెట్టిన చాయ్ తాగింది. ఈయన వాక్యాలు దిద్ది, ‘మీలాంటి గురువు దొరకడం అదృష్టం సార్’ అని ఒకసారి నోటితో అన్నది కూడా. తన మీద తనకే కంపరం పుట్టింది.

“మా తాతకు బొందల జాగ దొరకలె సార్,” అంది. “ఫోటోల ఉన్నది మా తాత. మీకు తెల్వదనుకుంట.”

“తెల్వకపోవుడేంది?” చంద్రమౌళి చాలా మామూలుగా అన్నాడు. “నీ దరఖాస్తుల ఊరి పేరు, ఇంటి పేరు చూసినంకనే కద నిన్ను తీసుకున్నది. నలభై మంది పెట్టుకున్నరు. నీకంటే హీబ్రూ మంచిగ వచ్చినోళ్ళు పదిమంది ఉన్నరు అండ్ల.”

అఖిల తమ ఇంట్లో మొదటిసారి డాక్టరేటు తెచ్చుకున్న పిల్ల. ఈ ఉద్యోగం వచ్చిన రోజు సమ్మక్క కాళ్ళీడ్చుకుంటూ ఊరంతా తిరిగి చక్కెర పంచింది. తన చదువును చూసి ఇచ్చారని అఖిల అనుకుంది. ఈయన చూసింది చదువును కాదు, వేటాడిన జంతువు పిల్లను.

“బొంద సంగతి అంటవా, అది చర్చి తప్పు, నాది కాదు,” ఆయన చెబుతూనే ఉన్నాడు. “అయినా మీ తాత ఫోటో ఎన్ని దేశాలల్ల ఉన్నదో తెలుసా? ఒక హమాలీకి ఇంకేం గౌరవం కావాలమ్మా!”

“గౌరవం వద్దు సార్. నాలుగు వాక్యాలు అచ్చేయండి,” అఖిల బస్సులో రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. “గుడ్డ సిరిసిల్లది, కుచ్చులు మల్లవ్వ కట్టింది, అంజయ్య యేసును ఎన్నడూ కాదనలేదు, పత్రిక క్షమాపణ చెప్తున్నది. గంతే. సోమవారం వరకు టైమున్నది.”

చంద్రమౌళి కంకి బెండును చెత్తబుట్టలో వేశాడు. చేతులు ఒళ్ళోని వ్యాసానికి తుడుచుకున్నాడు. లేచి బీరువా తీసి, ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని పుస్తకం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నీలి అట్ట మీద బంగారు రంగులో నలభై అంకె.

“సోమవారం అని నీకు చెప్పిన. గురువారమే అయిపోయింది,” అన్నాడు. “నీ చరిత్ర చాలా బాగా వచ్చింది. చివర ఒక్క పేరా నేను కలిపిన.”

అఖిల కవరు చింపింది. వ్యాసం ఆమెదే, పేరు ఆమెదే. ఆఖరి పేజీలో ఆమె రాయని పన్నెండు వరుసలున్నాయి. ‘నేను అంజయ్య మనుమరాలిని. మా ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినం కోసం తలుపులు వేసుకుని మా నాయనమ్మ రహస్యంగా దీపం పెట్టేది. తాత ఆ బట్ట కప్పుకుని పడమటికి తిరిగి ప్రార్థించేవాడు. ఊరికి భయపడి చర్చికి పోయేవాళ్ళమే తప్ప మేము యేసును నమ్మినవాళ్ళం కాము.’ కింద ఆమె సంతకం. ఇంగ్లీషులో, చివరి అక్షరం తోక పైకి తిప్పి, ఆమె పెట్టినట్టే. ఏ సెలవు చీటీలోంచి ఎత్తారో మరి.

ఆమె పుట్టేనాటికి తాత పోయి ఏడాది. ఆయన ఏ దిక్కుకు తిరిగి కూర్చునేవాడో కూడా ఆమెకు తెలియదు.

“మొదటి కాపీ మేడిపల్లి చర్చికే పంపిన,” చంద్రమౌళి మెత్తగా అన్నాడు. “ఆ పేజీని తెలుగు చేయించి జతపెట్టిన. పెద్దల కూటం ఈరోజేనని సెలవు చీటీల రాసినవు కద.”

“ఎందుకు?” అంది అఖిల. “ఎందుకు సార్? ఇప్పుడు మీకు ఏమొస్తది?”

“ఆలోచించు అమ్మా, చదువుకున్నదానివి. పాత వ్యాసాన్ని అనుమానించేటోళ్ళు బయలుదేరిన్రు ఈమధ్య. కుచ్చులు చాలవు అంటున్నరు. ఇప్పుడు చర్చి మీ బాపమ్మను గూడ వెలివేస్తే? ఎనభై ఏళ్ళ ముసల్ది, రహస్యంగ నమ్మకం కాపాడుకున్నది, చచ్చినంక జాగ దొరకలే! దానికంటె పెద్ద సాక్ష్యం ఏముంటది? వచ్చే సంచికకు అదే మొదటి వ్యాసం. నువ్వే రాయాలె.”

అఖిలకు కోపం రాలేదు. కోపం మనుషుల మీద వస్తుంది. కిటికీ దగ్గరికి పోయి ఊపిరి తీసుకుంది. అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. అరుణ్ నంబరు.

ఎత్తితే వినిపించింది తమ్ముడి గొంతు కాదు. ముందు ఆయాసం, తర్వాత మాట.

“బిడ్డా, అఖిలా.”

“బాపమ్మా!”

“పెద్దలు కాయితం సదివిన్రు బిడ్డా. నేను దొంగతనంగ దీపం పెట్టిన్నట. మీ తాత యేసయ్యను నమ్మలేదట. ఆయిన ఆఖరి శ్వాస దాక యేసయ్యా యేసయ్యా అనుకుంటనే పాయె. నా ఒళ్ళెనే పాయె.” మళ్ళీ ఆయాసం. “మా పోరి రాయదు అన్న. సంతకం చూపెట్టిన్రు. నాకు సదువు రాదు గని నీ సంతకం ఎరుకనే. నా పించను కాయితం మీద నువ్వు పెట్టంగ చూసిన. తోక మీదికి తిప్పుతవు. గిది నీదేనా? అందరు ఇంటున్నరు, ఫోను పెద్దగ పెట్టిన్రు. చెప్పు బిడ్డా.”

అబద్ధం చెప్పడం అఖిలకు చిన్నప్పటి నుంచీ రాదు. అందులోనూ ఆ గొంతుకు అసలే చెప్పలేదు.

“సంతకం నాదే బాపమ్మా, గని...”

“విన్నరు కద,” అని అవతల ఎవరిదో మగ గొంతు. కుర్చీలు జరిగిన చప్పుడు. సమ్మక్క “ఆగున్రి, పోరి ఇంక ఏమో అంటున్నది, ఆగున్రయ్యా” అంటోంది. లైను తెగిపోయింది. అఖిల మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. మూడోసారికి స్విచ్చాఫ్ అని వచ్చింది.

“మంచిగనే చెప్పినవు,” అన్నాడు వెనక నుంచి చంద్రమౌళి. “ఉన్నదున్నట్టు.”

అఖిల వెనక్కి తిరిగింది. బల్ల మీది పుస్తకం, ప్రూఫు, తను రాసిన నాలుగు వాక్యాల కాగితం, మూడూ తీసి సంచిలో పెట్టుకుంది.

“లెవ్,” అంది. “చెప్పులేసుకో. మేడిపల్లి పోతున్నం. కుచ్చులు ఎట్ల కట్టించినవో ఆళ్ళ ముందట నీ నోటితోటి చెప్తవు.”

ఆ గదిలో నలభై ఏళ్ళలో ఎవరూ చంద్రమౌళిని నువ్వు అనలేదు. అరుస్తాడనుకుంది. గుండె పట్టుకుని కూర్చుంటాడనుకుంది. లాక్కెళ్ళడానికి కూడా సిద్ధపడే ఉంది.

చంద్రమౌళి చుబుకం మీది నిమ్మరసం తుడుచుకున్నాడు. కండువా భుజాన వేసుకున్నాడు. కారు తాళాలు తీసుకుని ఆమె కంటే ముందు గుమ్మం దాకా నడిచాడు.

“పద అమ్మా,” అన్నాడు. “నేను కూడ అదే అనుకుంటున్న. ముప్ఫై నాలుగేళ్ళ కింద మీ బాపమ్మ నాతోటి ఏమన్నదో పెద్దలకు ఇంకా తెల్వదు. ఆమె ముందటనే చెప్త.”